గడ్డి రన్‌వేకి ఎలాంటి నేల?

ప్రశ్న: చిన్న విమానం కోసం పల్లెలో పొలం కొని గడ్డి రన్‌వే వేసుకోవాలనుంది. అమ్మే ఆయన పొడవు సరిపోతుందంటున్నారు. ఇంకేం చూడాలండీ?

జవాబు: పెద్ద వాన వెలిసిన మర్నాడు ఆ పొలంలో నడవండి. మడమ దిగబడితే ఎంత చవకైనా వద్దు. పొడవు వైపు, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి వీచే దిక్కుకు కలవాలి. రెండు చివర్లా కరెంటు తీగలున్నాయేమో వెతకండి. పైనుంచి స్తంభాలే కనిపిస్తాయి, తీగ కనిపించదు. నాకు అన్నిటికన్నా భయం అదే.

ఇక పొడవు. విమానం మాన్యువల్‌లోని టేకాఫ్ దూరం సాధారణంగా తారో కాంక్రీటో వేసిన గట్టి రన్‌వేకి చెప్పింది. పొట్టి గడ్డి పొడిగా ఉంటే దానికి 20 శాతం, తడిస్తే 30 శాతం కలపమని బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ సూచన. టేకాఫ్ దిక్కులో నేల 2 శాతం ఎత్తెక్కుతుంటే మరో 10 శాతం. అనుమతుల సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.