పికప్ ఎత్తు తగ్గించాక ఏ షాక్‌లు?

ప్రశ్న: నా పికప్ వెనుక భాగాన్ని 4 అంగుళాలు దించాను. పాత షాక్ అబ్జార్బర్లే ఉన్నాయి. చిన్న గుంతకే వెనుక ‘ధన్’మని కొడుతోంది. గట్టి షాక్‌లు వేస్తే సరిపోతుందా?

జవాబు: గట్టివి కాదు, ముందు పొట్టివి కావాలి. యాక్సిల్ పైకి జరగడంతో పాత షాక్ రాడ్ ఇప్పటికే చాలావరకు లోపలికి దిగిపోయి ఉంటుంది. బంప్ స్టాప్ (యాక్సిల్ ఛాసిస్‌కు కొట్టకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే పిస్టన్ అడుగుకు కొడుతుంది. అలాగే నడిపితే సీల్ చిరిగి ఆయిల్ కారుతుంది, వాల్వ్ దెబ్బతింటుంది.

‘4 అంగుళాల డ్రాప్‌కు’ అన్న లేబుల్‌ను నమ్మి కొనకండి, కొలవండి. బండి సమతలం మీద ఉండగా షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టుకు దూరం 16 అంగుళాలు, బంప్ స్టాప్‌కు యాక్సిల్‌కు మధ్య ఖాళీ 2.5 అంగుళాలు అనుకుందాం. తీసేస్తే 13.5. రబ్బరు నలగడానికి ఇంకో అంగుళం వదలండి. పూర్తిగా ముడుచుకున్నప్పుడు షాక్ 12.5 అంగుళాలు మించకూడదు. తర్వాత ఛాసిస్‌ను స్టాండ్లపై నిలిపి, యాక్సిల్‌ను వేలాడనిచ్చి మళ్లీ కొలవండి. సాగిన షాక్ ఆ కొలత కంటే పొడవుండాలి, లేదంటే బరువంతా షాక్ మీదే వేలాడుతుంది. బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో కూడా చూడండి.

ఖాళీ 2 అంగుళాల లోపే ఉంటే ఏ షాకూ కాపాడదు. యాక్సిల్ పైన ఛాసిస్‌కు సి-నాచ్ (యాక్సిల్ కదలడానికి చోటిచ్చే సి ఆకారపు కోత) పెట్టించాల్సిందే.

రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేలమీద ఉన్నప్పుడే చివరిగా బిగించండి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.