సబ్సిడీ మంజూరైతేనే తీసుకుంటామంటున్న కంపెనీని నమ్మవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కెనడాలో పర్యావరణ ఇంజినీరింగ్ చదివారు, ఈమధ్యే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది, వయసు 27. ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీ ఇంటర్వ్యూ చేసి, వేతన సబ్సిడీ, అంటే మీ జీతంలో కొంత ప్రభుత్వం భరించే సాయం, మంజూరైతే చేర్చుకుంటామని చెప్పింది. జీతం తక్కువ ఇస్తారా, సబ్సిడీ అయిపోగానే పంపేస్తారా అన్నది మీ అనుమానం.

నేనూ ఇలాగే చేరాను. ఇప్పుడు వేరే కంపెనీలో కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆ దరఖాస్తులు నింపేది కూడా నేనే. కాబట్టి రెండు వైపులా చూసిన సంగతులే చెబుతాను.

జీతం గురించి దిగులు వద్దు. కంపెనీ అందరికీ ఇచ్చినట్టే మీకూ జీతం ఇస్తుంది. ఆ తర్వాత పే స్టబ్‌లు (జీతం చీటీలు) చూపించి ప్రభుత్వం వాటా రాబట్టుకుంటుంది. ఆ వాటా ఎంతన్నది పథకాన్ని బట్టి ఉంటుంది. చదువుకుంటున్నవాళ్లకు పని ఇచ్చే స్టూడెంట్ వర్క్ ప్లేస్‌మెంట్ పథకంలో జీతంలో సగం, గరిష్ఠంగా 5,000 డాలర్లు ఇస్తూ వచ్చారు. మొదటి సంవత్సరం విద్యార్థుల వంటి కొన్ని వర్గాలకు అది 70 శాతం, 7,000 డాలర్ల దాకా ఉండేది. యువతకు వేసవి ఉద్యోగాలిచ్చే కెనడా సమ్మర్ జాబ్స్‌లో లాభాపేక్ష లేని సంస్థలకు కనీస వేతనం మొత్తం రావచ్చు, 50 మందికి మించని ప్రైవేటు కంపెనీలకు అందులో సగం దాకా వస్తుంది. మీరు చదువు పూర్తి చేశారు గనుక మీ కంపెనీ చూస్తున్నది బహుశా పర్యావరణ శాఖ వారి సైన్స్ హొరైజన్స్ లాంటిదో, సహజ వనరుల శాఖ వారి ఇంటర్న్‌షిప్ లాంటిదో అయి ఉండాలి. వీటికి వయసు 30 దాటకూడదు. మీకింకా మూడేళ్ల గడువుంది.

అసలు ఈ డబ్బు దేనికి ఇస్తారో నాకు తెలిసివచ్చిన రోజు ఒకటుంది. చేరిన రెండో వారంలో, పాత పెట్రోలు బంకు ఉన్న స్థలంలో భూగర్భజలం నమూనాలు తీయడానికి వెళ్లాం. బావి అంటే మన ఊరి బావి కాదు, రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం. నీటిమట్టం కొలిచే టేపు కిందికి వదిలితే నీటిని తాకగానే బీప్ అంటుంది. అక్కడిదాకా బాగానే చేశాను. సీసాలు కడిగి నింపడం కాలేజీ ల్యాబ్‌లో అలవాటు కదా, లోహాల పరీక్షకు ఇచ్చిన సీసాలను కూడా బావి నీళ్లతో శుభ్రంగా కడిగి నింపాను. ఆ సీసాల అడుగున ల్యాబ్ వాళ్లు ముందే పోసి పంపిన నైట్రిక్ ఆమ్లం ఉంటుంది, లోహాలు నీటిలోనే కరిగి నిలవడానికి. దాన్ని నేను నేలపాలు చేశాను. సాయంత్రం ఐస్ పెట్టెలో సీసాలు సర్దుతుంటే మా సీనియర్ ఆవిడ సంగతి కనిపెట్టింది. ఒక్క మాట అనలేదు. మర్నాడు రెండు గంటలు బండి నడుపుకుంటూ మళ్లీ అక్కడికే వెళ్లాం. బండి అద్దె, ఆవిడ రోజు జీతం, కొత్త సీసాలు, వీటిలో ఏదీ క్లయింటుకు బిల్లు వేయలేరు. అనుభవం లేని మనిషిని పెట్టుకుంటే అయ్యే నష్టం అది. సబ్సిడీ పూడ్చేది ఆ గుంటనే. లేని ఉద్యోగాన్ని అది పుట్టించదని నా అభిప్రాయం. ఎలాగూ రాబోయే ఉద్యోగం కాస్త ముందే వచ్చేలా చేసి, అనుభవం ఉన్నవాడికి బదులు మనకు దక్కేలా చేస్తుంది.

ఇక మీ రెండో అనుమానం. అవును, పంపేయవచ్చు. నన్ను పంపేశారు. ఆరు నెలలు పూర్తికాగానే ప్రాజెక్టులు తగ్గాయని చెప్పి, నెల తిరగకుండానే ఇంకో కొత్త ఇంటర్న్‌ను తెచ్చుకున్నారు. చాలా పథకాల నిబంధనలు, ఉన్న ఉద్యోగులను తీసేసి సబ్సిడీ మీద మరొకరిని పెట్టకూడదనే అంటాయి. కానీ గడువు తీరిన ఇంటర్న్‌ను ఉన్న ఉద్యోగి కింద ఎవరూ లెక్కపెట్టరు. కోపం వచ్చింది, ఇప్పటికీ కొంత ఉంది. అయితే తర్వాతి ఇంటర్వ్యూలో ఆ ఆమ్లం సీసాల కథ చెబితేనే ఉద్యోగం వచ్చింది. ఈసారి సబ్సిడీ లేకుండా.

అందుకని ఆ కంపెనీని ఒక్కటే అడగండి: ఇంతకుముందు ఇలా చేరినవాళ్లలో ఇప్పుడు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? నేను అడిగి ఉంటే నాకు వచ్చే జవాబు సున్నా. ఇంకో సంగతి, ఇక్కడి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం కూడా మార్చి 31తోనే ముగుస్తుంది. జనవరిలో మంజూరైన సబ్సిడీ మార్చిలోనే ఆగిపోవచ్చు. ఎన్ని వారాలకు మంజూరైందో కాగితం మీద చూడండి.

ఇది చదువుతున్న వర్క్ పర్మిట్, స్టడీ పర్మిట్ వాళ్లకు: ఈ పథకాలు సాధారణంగా పౌరులకు, పీఆర్ ఉన్నవాళ్లకు, శరణార్థులుగా రక్షణ పొందినవాళ్లకు మాత్రమే. ఇంటర్వ్యూలో సబ్సిడీ మాట మీరుగా ఎత్తకండి.

చివరగా తేదీల సంగతి. మంజూరు కాకముందు పనిచేసిన రోజులకు సాధారణంగా సబ్సిడీ రాదు, అందుకే మంజూరు ఆలస్యమైతే కంపెనీ మీరు చేరే తేదీని వాయిదా వేస్తుంది. నేను నోటి మాట నమ్మి గిడ్డంగి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఐదు వారాలు ఇంట్లో కూర్చుని రోజుకు పదిసార్లు ఈమెయిల్ చూసుకున్నాను. మంజూరు ఉత్తరం వచ్చిందని వాళ్లు రాతపూర్వకంగా చెప్పేదాకా ఇప్పుడు చేస్తున్న పని ఏదైనా సరే మానకండి.