సమాధానం: ఫిబ్రవరిలో నీడ గడియారం అరగంట వెనక ఎందుకు?

మీరు హైదరాబాద్ మేడ మీద పలకపై నిలువుగా కర్ర పాతి, గంటకు 15 డిగ్రీల చొప్పున గీతలు గీశామన్నారు. మధ్యాహ్నం అరగంట వెనకబడుతోందని, ఉదయం సాయంత్రం లెక్క అస్సలు కుదరడం లేదని రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ.

ముందు ముల్లు, అంటే నీడ కోసం పాతిన ఆ కర్ర సంగతి. అది నిలువుగా కాదు, ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. అంటే సరిగ్గా ఉత్తరానికి, మీ అక్షాంశమైన 17.4 డిగ్రీల వాలులో. జైపూర్ జంతర్ మంతర్‌లోని పెద్ద నీడ గడియారం, సామ్రాట్ యంత్రం వాలు 27 డిగ్రీలు, అది ఆ ఊరి అక్షాంశం. అక్కడ నీడ పడేది భూమధ్యరేఖకు సమాంతరంగా ఉన్న వంపు మీద కాబట్టి గీతలు సమదూరంలో ఉంటాయి. మీది చదును పలక, అక్కడ ఆ లెక్క పనికిరాదు. పన్నెండు గీత నుంచి ఒంటిగంటకు 4.6, రెండుకు 9.8, మూడుకు 16.6, నాలుగుకు 27.4, ఐదుకు 48 డిగ్రీలు కొలిచి గీయండి. ఉదయం వైపూ అవే కోణాలు.

ఇక అరగంట తేడా మీ తప్పు కాదు! మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాలు, మొత్తం 16. (అన్నవరం గుడి దగ్గరి నీడ గడియారానికి ఈ సవరణ దాదాపు అక్కర్లేదు, ఆ రేఖ పక్కనే ఉంది.) పైగా ఫిబ్రవరి మధ్యలో సూర్యుడే 14 నిమిషాలు ఆలస్యం, రెండూ కలిపితే అరగంట. నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు కనుక, అప్పుడు మీ పలక చేతిగడియారంతో ఇంచుమించు సరిపోవాలి. సరిపోకపోతే ఉత్తర దిక్కు మళ్లీ చూసుకోండి.