నాన్నగారి 1971 పాకిస్తాన్ యుద్ధం మెడల్స్ డిశ్చార్జ్ బుక్‌లో లేవు అన్నదానికి

అన్నా, డిశ్చార్జ్ బుక్‌లో (సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీస్ పుస్తకం) ఎక్కకపోయినంత మాత్రాన మెడల్ రాదని కాదు, కంగారు పడకండి. అప్లై చేయాల్సింది ఢిల్లీకి కాదు, నాన్నగారి రెజిమెంట్ లేదా కోర్ (ఆయన పనిచేసిన సైనిక విభాగం) రికార్డ్ ఆఫీస్‌కి. ఆర్టిలరీ (ఫిరంగి దళం) అయితే నాసిక్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) అయితే సికింద్రాబాద్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, అలా.

లెటర్‌లో "మెడల్స్ అన్నీ ఇవ్వండి" అని రాస్తే తిరిగొచ్చేస్తుంది, ఏ మెడల్ ఎందుకు రావాలో పేరు పెట్టి అడగాలి. మీరు చెప్పినట్టు ఆయన 1970 నుంచి 75 దాకా సర్వీస్‌లో ఉంటే సంగ్రామ్ మెడల్ (71 యుద్ధ కాలంలో సర్వీస్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చింది) అడగండి, 1972 ఆగస్ట్ 15న సర్వీస్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చిన స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ మెడల్ కూడా అడగండి, ఇది చాలామంది మర్చిపోతారు. పూర్వీ స్టార్ (తూర్పు యుద్ధరంగానికి), పశ్చిమీ స్టార్ (పడమటి యుద్ధరంగానికి) మాత్రం వేరే లెక్క, యూనిట్ ఆ యుద్ధరంగంలో ఉండాలి, కాబట్టి అప్పటి యూనిట్ పేరు, ఎక్కడున్నారో తప్పకుండా రాయండి.

సర్వీస్ నంబర్, ర్యాంక్, డిశ్చార్జ్ బుక్ అన్ని పేజీల జిరాక్స్, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) ఉంటే దాని కాపీ పెట్టి నాన్నగారి సంతకంతోనే స్పీడ్ పోస్ట్‌లో పంపండి, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీస్ ద్వారా పంపితే ఇంకా మంచిది. ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల ఆర్టీఐ వేసి ఏ మెడల్స్ రికార్డ్‌లో ఉన్నాయో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

బజార్లో డూప్లికేట్ కొనేద్దాం అన్నారు కదా, వద్దు. అసలు మెడల్ మీద ఆయన నంబర్, పేరు చెక్కి ఉంటాయి.