అత్తమ్మ పోసే కల్లు, పాపకు ఇచ్చే పాలు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పాపకు నాలుగో నెల. నల్గొండ జిల్లాలో అత్తగారింట్లో ఉంటున్నాను. పాలు చాలడం లేదంటూ మా అత్తమ్మ మూడు వారాలుగా రోజూ సాయంత్రం నాచేత ఒక గ్లాసు కల్లు తాగిస్తోంది. మామయ్య దుకాణం నుంచి సీసాలో తెస్తారు. పాప రాత్రంతా లేవకుండా నిద్రపోతోంది. ‘ఒక్క గ్లాసుకు ఏమైతది’ అంటారు మా ఆయన. అమెరికాలో ఉన్న ఆడపడుచు, ఆ పాలు పిండి పారబోస్తే చాలంటుంది. కల్లు తాగాక ఎంతసేపు ఆగి పాలివ్వాలి? అత్తమ్మను నొప్పించకుండా ఎలా మానాలి?

జవాబు: మీరు మామూలు సంగతిగా రాసిన వాక్యం ఒకటి నన్ను కలవరపెట్టింది. పాప లేవకుండా నిద్రపోవడం మీ ఇంట్లో కడుపు నిండినదానికి గుర్తుగా కనిపిస్తున్నట్టుంది; నాకు అలా కనిపించడం లేదు.

దుకాణాల్లో అమ్మే కల్లంతా చెట్టు మీది నుంచి దించినది కాదు. చెట్టు కల్లు చాలనిచోట మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం వంటి మందులు కలపడం తెలంగాణలో ఏళ్ల తరబడి ఎక్సైజ్ దాడుల్లో బయటపడుతూనే ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారు మరణించిన సంగతి మీరూ వినే ఉంటారు. డైజోపాం తల్లిపాలలోకి దిగుతుంది. పసిబిడ్డ శరీరం నుంచి త్వరగా పోదు కనుక రోజురోజుకూ పేరుకుంటుంది. మీ ఇంటికి వచ్చే సీసాలో అది ఉందని నేను అనడం లేదు, కానీ లేదని చెప్పగలిగేవారు మీ ఇంట్లో ఎవరూ లేరు. అందువల్ల ఈ రోజే పాపను పిల్లల వైద్యుని వద్దకు తీసుకువెళ్లి, కల్లు సంగతి దాచకుండా చెప్పి, పాలిచ్చే విషయంలో ఆయన చెప్పినట్టు నడుచుకోండి. లేపినా పాప సరిగా లేవకపోతే, పాలు చప్పరించకపోతే, ఊపిరి తీరు మారితే, క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కల్లు ఆపాక మీకు చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, గుండెదడ వంటివి కనిపిస్తే అది మత్తుమందు కలిపిన కల్లు మానడం వల్ల కావచ్చు; మీరూ చూపించుకోవాలి.

ఇక ఎంతసేపు ఆగాలన్న ప్రశ్న. తల్లి రక్తంలో మద్యం ఎంత ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. సాధారణంగా తాగిన అరగంట నుంచి గంట లోపు హెచ్చుగా ఉండి, రక్తంలో తగ్గేకొద్దీ పాలలోనూ తగ్గుతుంది. పిండి పారబోసినందువల్ల అది త్వరగా పోదు, ఎందుకంటే రక్తంలో ఉన్నంతసేపూ కొత్తగా పడే పాలలోకీ చేరుతూనే ఉంటుంది. అసలు తాగకపోవడమే మేలని, ఎప్పుడైనా తాగితే 14 గ్రాముల ఆల్కహాలుకు, అంటే 5 శాతం ఉన్న 350 మి.లీ. బీరుకు, కనీసం 2 గంటలు ఆగాలని వైద్యులు చెబుతారు. మన దగ్గర దొరికే 8 శాతం, 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో దీనికి మూడింతలు ఉంటుంది. మీ ఆడపడుచు ఉండే అమెరికాలో ‘ఒక్క బీరు’ వేరు, ఇక్కడి ‘ఒక్క బీరు’ వేరు. కల్లుకు ఈ మాత్రం లెక్క కూడా కుదరదు. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఎంత పులిసిందో గ్లాసు చూసి ఎవరూ చెప్పలేరు.

మీ అత్తమ్మగారి నమ్మకాన్ని వెటకారం చేయకండి. బీరు తాగితే పాలు పడతాయని పాశ్చాత్య దేశాల్లోనూ అనుకునేవారు. నిజానికి మద్యం, పాలు జారేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను అణచి, ఆ జారడాన్ని మందగింపజేస్తుంది. తల్లి తాగిన తరువాతి మూడు నాలుగు గంటల్లో బిడ్డలు తాగే పాలు సుమారు ఐదో వంతు తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. పాప రోజుకు ఆరు సార్లైనా గుడ్డలు తడుపుతూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. చాలకపోతే బిడ్డను తరచుగా రొమ్ముకు పెట్టడమే అన్నింటికన్నా మంచి ఉపాయం.

అత్తమ్మకు చెప్పే పని మీది కాదు, మీ ఆయనది. వైద్యుని వద్దకు ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లమనండి. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు తోచే మాట డాక్టరు నోట వింటే ఆమెకు అంత కష్టంగా ఉండదు. సాయంత్రం ఏదో ఒకటి చేతికి అందించనిదే ఆమె మనసు ఊరుకోదు కనుక, కల్లుకు బదులు రాగిజావ కాచి ఇమ్మని మీరే అడగండి.

మామయ్యగారు, మీ ఆయన తాగడం మానకపోవచ్చు. తాగిన రాత్రి వాళ్లెవరూ పాపను పక్కలో వేసుకోకూడదు. మత్తు నిద్రలో బిడ్డ మీదికి ఒరిగినా తెలియదు. మీ మంచం పక్కనే పాపకు విడిగా చదునైన, గట్టి పడక వేసి, వెల్లకిలా పడుకోబెట్టండి.