పూప్, ఫార్ట్ పాటలతో పిల్లలకు ఇంగ్లీష్ నేర్పొచ్చా?

మీ పాప యూకేజీ చదువుతోందని, ఫోన్‌లో పూప్ (దొడ్డికి), పీ (ఒంటేలు), ఫార్ట్ (పిత్తు) అంటూ సాగే ఇంగ్లీష్ పాటలు విని పొద్దస్తమానం అవే పాడుతోందని రాశారు. అత్తగారు "ఇదేం చదువమ్మా" అని కోప్పడుతున్నారని, మాన్పించాలా వద్దా అని అడిగారు. నా మాట వింటే మాన్పించొద్దు. ఫోన్ పక్కన పెట్టించి, ఆ పాటను మీరు అందుకోండి. నేను ఉప్పల్ దగ్గర ఒక చిన్న స్కూల్లో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెబుతాను, సాయంత్రం ఇంటి దగ్గర ట్యూషన్. పిల్లల మధ్య కింద కూర్చుని చూసిందే చెబుతున్నాను.

ఇంగ్లీష్ మీడియంలో చేరిన మూడున్నర, నాలుగేళ్ల పిల్లకు ఏ ఫర్ యాపిల్ కన్నా ముందు కావాల్సింది ఒకటుంది. టాయిలెట్‌కి వెళ్లాలని చెప్పగలగడం. మా క్లాసు పిల్లల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. కొందరు నల్గొండ, జనగామ నుంచి వచ్చినవాళ్లు, కొందరు శ్రీకాకుళం వాళ్లు, రెండు మూడు ఇళ్లలో ఉర్దూ. జూన్‌లో బడి తెరిచాక వాళ్లకు నేర్పే మొదటి వాక్యం "మే ఐ గో టు టాయిలెట్, మేడం". అర్జెంటుగా వస్తున్నప్పుడు అంత పొడుగు వాక్యం ఆ వయసు పిల్లలకు గుర్తు రాదు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఇంగ్లీష్‌లో అడిగితేనే పంపేవాళ్లు. ఒక పాప కాళ్లు దగ్గరికి నొక్కుకుని, గౌను అంచు పిడికిట్లో పట్టుకుని నిలబడింది. ముందు నిలబడ్డ ఆవిడ "సే ఇట్ ఇన్ ఇంగ్లీష్" అంటూనే ఉంది. పాప కళ్లలో నీళ్లు, కింద నేల తడి. తర్వాత ఆ పిల్ల స్కూల్లో నీళ్లు తాగడమే మానేసింది. ఇలా ఆపుకునే పిల్లలకు మలబద్ధకం రావచ్చు, ఆడపిల్లలకు మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. నాకు ఇప్పటికీ కోపం వచ్చే విషయం ఇది.

అందుకే నా క్లాసులో మొదటి వారం పాట ఇదే. తెలిసిన ఏ రైమ్ బాణీలోనైనా పాడొచ్చు:

ఐ నీడ్ టు పీ, పీ, పీ!
కమ్ విత్ మీ, మీ, మీ!
ఐ నీడ్ టు పూప్, పూప్, పూప్!
వాష్ విత్ సోప్, సోప్, సోప్!

ఏ భాషలో అడిగినా, అడక్కుండా వేలు చూపించినా వెంటనే పంపిస్తాను. పాట వచ్చాక వాళ్లే ఇంగ్లీష్‌లో అడుగుతారు. ఎందుకంటే ఆ మాట అనడం వాళ్లకు సరదా. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీష్ మీడియం మొదలైంది కాబట్టి ఈ అవసరం మా లాంటి ప్రైవేటు స్కూళ్ల పిల్లలది మాత్రమే అని నేను అనుకోవడం లేదు.

ఆ సరదా ఎక్కణ్నుంచి వస్తుందంటే, మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు డైపర్ వదిలి కొద్ది కాలమే అయి ఉంటుంది. తమంతట తాము సాధించిన మొదటి పెద్ద పని అది. పైగా ఆ మాట అనగానే పెద్దవాళ్ల ముఖం మారుతుంది. ఒక్క మాటతో ఇంటిల్లిపాదినీ కదిలించగలం అని తెలిస్తే ఏ పిల్ల ఊరుకుంటుంది? వందసార్లు అంటుంది. కొత్త భాషకు కావాల్సింది ఆ వందసార్లే. మామూలు పాఠం మూడుసార్లు చెప్పించేసరికి కిటికీలోంచి చూస్తారు, ఈ పాట ఇరవైసార్లు పాడినా "మళ్లీ మిస్" అంటారు.

మనకేం ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లో పెరిగిన వాళ్లకు "ఆదమ్ పాదమ్" లెక్క గుర్తుండే ఉంటుంది. గదిలో ఎవరు వదిలారో తేల్చడానికి ఒక్కొక్కరి మీద వేలు పెడుతూ పాడి, చివరి మాట ఎవరి మీద పడితే వాళ్లే దొంగ. నేను ఆ ఆటనే ఇంగ్లీష్‌లోకి తెచ్చుకున్నాను. అందరం గుండ్రంగా కూర్చుంటాం. ఒకరు అడుగుతారు, "హూ డిడ్ ఎ ఫార్ట్?" వేలు ఆగిన పిల్ల "నాట్ మీ! ఐ డిడ్ నాట్!" అనాలి. అందరూ "దెన్ హూ?" అనాలి. అప్పుడా పిల్ల ఒక పేరు చెప్పాలి, "ద బఫెలో డిడ్ ఇట్!" మనిషి పేరు చెప్పకూడదు. ఆట మొత్తానికి నియమం అదొక్కటే.

ఇందులో ఎంత ఇంగ్లీష్ ఉందో చూడండి. ప్రశ్న అడగడం, కాదనడం, జరిగిపోయిన దాన్ని చెప్పడం, పేరు ముందు "ద" పెట్టడం. "డిడ్ నాట్" నేర్పడానికి రెండో తరగతిలో వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు రాయిస్తారు. ఇక్కడ నాలుగేళ్లవాళ్లు తడుముకోకుండా అంటారు. మొదట్లో అందరూ గేదె మీదే నెట్టేసేవాళ్లు. తర్వాత లిఫ్ట్ వచ్చింది, ఆటో వచ్చింది, మిక్సీ వచ్చింది. ఒకసారి ట్యూషన్‌లో ఆట ఆడుతుండగా మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఒక బాబు చటుక్కున లేచి "ద కుక్కర్ డిడ్ ఇట్!" అన్నాడు. మళ్లీ కూసింది. "టూ టైమ్స్!" మూడోసారి కూసేలోపు పిల్లలందరూ చెవులు రిక్కించి, నోటి మీద చేతులు పెట్టుకుని ఎదురుచూశారు. "త్రీ టైమ్స్!" అని అపార్ట్‌మెంట్ దద్దరిల్లేలా అరిచారు. "టైమ్స్" అనే మాట నేను వాళ్లకు విడిగా ఎప్పుడూ చెప్పలేదు. పీటీ సార్ దగ్గర విని ఉంటాడు, ఇక్కడ వాడాడు.

ఇక ఉచ్చారణ. మన పిల్లలకు "ఎఫ్" శబ్దం ఇబ్బంది. ఫ్యాన్‌ను ప్యాన్ అంటారు, ఫార్ట్‌ను పార్టు అంటారు. వేలెడు వెడల్పు కాగితం ముక్క నోటి ముందు పట్టుకోమనండి. "పూప్" అన్నప్పుడు రెండు పెదాలు కలిసి విడిపోతాయి, కాగితం ఒక్కసారి ఎగిరి పడుతుంది. "ఫార్ట్" అనేటప్పుడు కింది పెదవిని పై పళ్లకు ఆనించి గాలి వదలాలి, గాలి పోతున్నంతసేపూ కాగితం వంగి ఉంటుంది. పిల్లలు కాగితాన్ని చూస్తూ తమంతట తామే సరిచేసుకుంటారు, మనం "తప్పు, మళ్లీ చెప్పు" అనాల్సిన పని ఉండదు. రెండో ఇబ్బంది మాట చివర. మనం బస్సు, పెన్ను, కారు అని అచ్చుతో ముగించే అలవాటులో ఉంటాం కాబట్టి పూప్ కాస్తా పూపు అవుతుంది. చివర్లో పెదాలు మూసి, బుగ్గలు బిగబట్టి, అలాగే ఆగిపోవాలని చెప్పండి. శిలా విగ్రహంలా ఆగడం వాళ్లకు ఇష్టమైన ఆటే.

చదవడం మొదలుపెట్టిన పిల్లలకు ఇదే మాట ఇంకా దూరం తీసుకెళ్తుంది. బోర్డు మీద పూప్ రాసి మధ్యలో ఉన్న రెండు "ఓ"లకు కళ్లు గీస్తాను. ఇక లూప్, హూప్, మూన్, స్పూన్, బూట్, ఫుడ్ అన్నీ ఆ కళ్లతోనే గుర్తుపడతారు. పీ నుంచి బీ, సీ, ట్రీ, ఫీట్. ఒక కుటుంబం మాటలు ఒకచోట చేరితే స్పెల్లింగ్ బట్టీ పట్టాల్సిన టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పాట దగ్గరే ఆగిపోతే మిగిలేది ఆ నాలుగు మాటలే. వాటిని పట్టుకుని వాక్యాల్లోకి వెళ్లాలి. నాకు బాగా పనిచేసింది జంతువులు. నెహ్రూ జూ పార్కుకు వెళ్లొచ్చిన పిల్లలకు ఏనుగు పెంటకుప్పే గుర్తుంటుంది, పులి తర్వాతే. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 100 కిలోల దాకా వేస్తుందని చెబితే నోళ్లు తెరుస్తారు. "బిగ్ ఎలిఫెంట్, బిగ్ పూప్. స్మాల్ యాంట్, స్మాల్ పూప్." ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే జంతువు పెంటికలు పాచికల్లా చదరంగా ఉంటాయి, పేగు గోడలు కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల మెత్తగా సాగడం వల్ల. "ఈజ్ ఇట్ రౌండ్? నో! ఇట్ ఈజ్ ఎ క్యూబ్!" పావురం రెట్ట తెల్లగా ఎందుకుంటుందో కూడా అడుగుతారు. పక్షులకు మూత్రం విడిగా రాదు, తెల్లటి యూరిక్ ఆమ్లంగా రెట్టతో కలిసి వస్తుంది. మన అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఈ పాఠానికి కొరత లేదు.

జపాన్‌లో 2017లో ఒకటి నుంచి ఆరు తరగతుల పిల్లలకు కంజి అక్షరాలు నేర్పే అభ్యాస పుస్తకాలు వచ్చాయి. వాటిలో ప్రతి ఉదాహరణ వాక్యంలోనూ మలం అనే అర్థం వచ్చే "ఉంకో" అనే మాట ఉంటుంది. ఆ ఏడాదే పది లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయాయి. చదువు విషయంలో అంత పట్టింపు ఉన్న దేశంలో తల్లిదండ్రులు డబ్బిచ్చి కొన్నారు.

మీ అత్తగారి సంగతి. ఆమెతో వాదన పెట్టుకోకండి. ఆమె భయం పిల్లకు నోటి మర్యాద పోతుందని, అది న్యాయమైన భయమే. సంక్రాంతికి గుమ్మం ముందు ఆవు పేడతో గొబ్బెమ్మలు చేసి గుమ్మడిపువ్వు గుచ్చేది ఆ తరం వాళ్లే. భోగి పిడకలు పిల్లల చేత చేయించి దండ గుచ్చించేదీ వాళ్లే. ఆ పని పాపతో చేయించమనండి, మీరు పక్కన కూర్చుని "కౌ డంగ్, రౌండ్, ఫ్లవర్ ఆన్ టాప్" అనిపించండి. అలాగే ఆదమ్ పాదమ్ ఆటలో వేలు లెక్క ఆమెకు అప్పగించండి. "గేదె" అని ఆమె అంటే "బఫెలో" అని పాప అంటుంది. మా ట్యూషన్‌కు పిల్లల్ని తీసుకొచ్చే నానమ్మలు ఇద్దరు ఇప్పుడు ఆటలో కూర్చుంటున్నారు.

మర్యాద నేర్పాల్సిందే, అది కూడా పాటతోపాటే నేర్పాలి. పీ, పూప్, ఫార్ట్ పిల్లల మాటలు, ఇంట్లో, ఆటలో వాడుకోవచ్చు. ఇదే విషయానికి ఇంగ్లీష్‌లో ఉన్న బూతు మాటలు పాట ముసుగులో కూడా రానివ్వొద్దు. కొన్ని వీడియోల్లో వస్తాయి, ముందు మీరు పూర్తిగా చూడండి. అన్నం దగ్గర, దేవుడి గదిలో, ఇంటికొచ్చిన వాళ్ల ముందు ఈ పాట లేదని ఒక్కసారి గట్టిగా చెబితే పిల్లలు పాటిస్తారు. "టీచర్ దగ్గర టాయిలెట్ అనాలి, అమ్మ దగ్గర పూప్ అనొచ్చు" అనే తేడా అయిదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది.

నేను అస్సలు ఊరుకోనివి రెండు. బట్టలు తడుపుకున్న పిల్లను చూసి ఈ పాట పాడటం ఒకటి. అలా ఒక్కరు పాడినా ఆ రోజుకు ఆట బంద్. రెండోది, శుభ్రం చేసేవాళ్లను వెక్కిరించడం. మా స్కూల్లో ఈ పిల్లలందర్నీ కడిగి, బట్టలు మార్చేది ఆయమ్మ. మా పాటలో చివరి చరణం "థాంక్యూ, ఆయమ్మా" అని ఉంటుంది, ఆమె గుమ్మంలో కనబడితే మధ్యలో ఆపి మరీ పాడతారు. పెంట మీద నవ్వొచ్చు, దాన్ని ఎత్తే మనిషి మీద నవ్వకూడదు. మన దేశంలో ఇది పిల్లలకు చిన్నప్పుడే చెప్పాలి, గట్టిగా చెప్పాలి.

ఫోన్ గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి స్క్రీన్ ముందు కూర్చోకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. యూకేజీ పిల్లకూ నేను అదే పాటిస్తాను. ఆటోప్లే ఆపేయండి. అసలు వీడియో ఒకసారి విన్నాక మళ్లీ అక్కర్లేదు, బాణీ మీకు వచ్చేస్తుంది, మాటలు మార్చుకోవచ్చు. మార్చాలి కూడా. అక్కడి పాటల్లో పేపర్‌తో తుడుచుకోవడం ఉంటుంది, మన పిల్లలు నీళ్లతో కడుక్కుంటారు. "వాటర్, వాటర్, పోర్ పోర్ పోర్" అని మార్చుకుంటే పాపకు తన బాత్రూమ్ పాట అవుతుంది. చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలంటారు కాబట్టి సబ్బు చరణం అంతసేపు వచ్చేలా సాగదీయండి. అమ్మ ఇంగ్లీష్ బాగా లేదని వెనకాడొద్దు. మీరు తప్పు పలికినా పాప స్కూల్లో సరైనది వింటుంది, కానీ మీతో కలిసి నవ్వుతూ అన్న మాటే నోట్లో నిలుస్తుంది.

ఏడెనిమిదేళ్లకు ఈ మాటలంటే మోజు దానంతటదే తగ్గుతుంది. అప్పటికి "హూ డిడ్ ఇట్?" ఆటను "హూ ఏట్ ద లడ్డూ?" గా, "వేర్ డిడ్ ఇట్ గో?" గా మార్చేయండి, వాక్యం అదే. పడుకునే ముందు మాత్రం ఆడించకండి, నవ్వి నవ్వి నిద్రపోరు. సాయంత్రం పాలు తాగాక పది నిమిషాలు చాలు, ముందు ఒకసారి టాయిలెట్‌కి పంపి మొదలుపెట్టండి.