ఎక్స్‌రేలో నడుం వంపు తగ్గిందన్నారు.. బెల్టు వాడాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కొన్ని నెలలుగా సాయంత్రమయ్యేసరికి నడుం పట్టేస్తోంది. కుర్చీలోంచి లేచాక కాసేపు వంగే నడవాల్సి వస్తోంది. కాళ్లలోకి నొప్పి, తిమ్మిర్లు లేవు. ఎక్స్‌రే రిపోర్టులో ‘లంబార్ లార్డోసిస్ తగ్గింది’ అని రాశారు. అది చూసినప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. బెల్టు వాడాలా? ఏ వ్యాయామాలు చేయాలి?

జవాబు: రిపోర్టులోని ఆ మాటకు భయపడకండి. నడుం దగ్గర 5 వెన్నుపూసలు కాస్త ముందుకు వంపు తిరిగి ఉంటాయి. కండరాలు బిగుసుకున్నప్పుడు ఆ వంపు తగ్గినట్టు కనిపిస్తుంది. పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారా, నిలబెట్టి తీశారా అన్నదాన్ని బట్టీ మారుతుంది. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఇది కనిపిస్తుంటుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అసలు చిక్కు కదలకుండా కూర్చోవడమే. నిటారుగా బిగదీసుకుని గంటల తరబడి కూర్చున్నా నడుం అలసిపోతుంది. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. పాదాలు నేలకు ఆనాలి, నడుం వెనక చుట్టిన టవల్ పెట్టుకోవచ్చు. వెనక జేబులో లావుపాటి పర్సు ఉంటే తీసేయండి, దానివల్ల ఒక పక్కకు ఒరిగి కూర్చుంటారు.

బెల్టు బాగా పట్టేసినప్పుడు రెండు మూడు రోజులకు పనికొస్తుంది. దానివల్ల కండరాలకు బలం రాదు. ఆ పని వ్యాయామమే చేయాలి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నడుం కింద చెయ్యి దూరేంత సందు ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టి, పొట్ట బిగిస్తూ నడుంతో ఆ చేతిని మెల్లగా నొక్కండి. 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు. చాలామంది ఇక్కడ ఊపిరి బిగపట్టేస్తారు, అలా వద్దు. ఇది పట్టుబడ్డాక అదే భంగిమలో పిరుదులు బిగించి పైకి లేపండి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే వాలులో ఉంటే చాలు. ఇంకా పైకి లేపబోతే భారం మళ్లీ నడుం మీదే పడుతుంది. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాచడం, ఆపై రెండో వైపు. వీటికి తోడు రోజూ అరగంట నడక.

పొద్దున లేవగానే వంగి కాలివేళ్లు అందుకోవడం మాత్రం మానండి. రాత్రంతా పడుకునేసరికి వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బి ఉంటాయి. ఆ సమయంలో వంగితే వాటిపై ఒత్తిడి ఎక్కువ. ఓ గంట ఆగి చేయండి.

మొదట్లో కండరాలు కాస్త సలపడం మామూలే. నొప్పి కాల్లోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయండి. ఆరు వారాలకూ తేడా లేకపోతే ఫిజియోథెరపిస్టు ముందు చేసి చూపించండి, తరచూ చేసే తీరులోనే పొరపాటు ఉంటుంది. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి. కాలు బలహీనపడినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, మూత్రం రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.